కుటుంబ చిత్రాల్లో దైవప్రేమ

తెలుగులో మొదటి టాకీ 1932లో వచ్చిన ‘భక్త ప్రహ్లాద’. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వం వహించిన ఆ చిత్రం ఒక తండ్రికీ కొడుక్కీ మధ్య, ఆ ఇద్దరికీ దేవుడికీ మధ్య నడిచే కథ. తెలుగు సినిమా మాట నేర్చిన నాటి నుంచే ఇంటి ప్రేమనూ దైవప్రేమనూ ఒకే కథలో పక్కపక్కన నిలబెట్టి చూపిస్తోంది. ఇంటిల్లిపాదీ కలిసి చూసే సినిమాల్లో దేవుడి ప్రేమ గురించి ఏం నేర్చుకోవచ్చన్న ప్రశ్న అందువల్ల తెలుగువాళ్లకు పరాయిది కాదు. అవ్వ పక్కన కూర్చుని పౌరాణికం చూసిన ప్రతి పిల్లా పిల్లవాడూ ఈ ప్రశ్నను ఏదో ఒక రూపంలో అడిగే ఉంటారు: దేవుడు అంత మంచివాడైతే ముందే ఎందుకు రాలేదు?

ఇలాంటి చిత్రాలు రెండు తరహాలు. కొన్నిటిలో దేవుడే ఒక పాత్రగా తెర మీదికి వస్తాడు. మరికొన్నిటిలో ఆయన పేరు కూడా వినిపించదు. తప్పిపోయిన బిడ్డ, వెతికే తండ్రి, ఆకలి పంచుకునే అన్నాచెల్లెళ్లు మాత్రమే ఉంటారు. రెండు తరహాల్లోనూ చాలామంది పాఠాన్ని మహిమ దగ్గర వెతుకుతారు. కాళ్లు రావడం, కళ్లు రావడం, స్తంభం పగలడం. కానీ మహిమ వల్ల తెలిసేది దేవుడి శక్తి. ప్రేమ తెలియాలంటే అంతకు ముందు గడిచిన రీళ్లు చూడాలి. ప్రేమించేవాడు ఎంతసేపు ఆగాడు, ఎంత దూరం వెతికాడు, ఏం పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డాడు అన్నవి అక్కడే ఉంటాయి.

కనిపించని ప్రేమను కనిపించే ప్రేమతో పోల్చి చెప్పడం చాలా మతాల్లో ఉంది. హిందూ భక్తి సంప్రదాయంలో ఈ పోలిక రెండు వైపులా నడుస్తుంది. దేవుడు తల్లీ తండ్రీ అయితే భక్తుడు బిడ్డ. యశోద ఇంటికి వచ్చేసరికి దేవుడే బిడ్డవుతాడు, రోటికి కట్టుబడతాడు. యేసు తన శిష్యులకు నేర్పిన ప్రార్థన పరలోకంలో ఉన్న తండ్రిని పిలవడంతో మొదలవుతుంది. ఇస్లాం దేవుణ్ణి తండ్రి అనదు. అయినా ప్రసిద్ధమైన ఒక హదీసు తల్లి ప్రేమను ఆధారం చేసుకుంటుంది. బందీల మధ్య ఒక స్త్రీ తన బిడ్డను వెతుక్కుని, దొరకగానే గుండెకు హత్తుకుని పాలు పడుతుంది. ఈ తల్లి తన బిడ్డను నిప్పుల్లో వేయగలదా అని ప్రవక్త ముహమ్మద్ తన వెంట ఉన్నవాళ్లను అడుగుతారు. వేయలేదని వాళ్లంటారు. ఆ తల్లికి బిడ్డ మీద ఉన్న దయ కంటే దేవుడికి తన దాసుల మీద ఉన్న దయ ఎక్కువని ఆయన చెబుతారు. పోలికను ఎలా వాడాలో కూడా ఈ హదీసులో ఉంది. మనిషి ప్రేమ దగ్గర ఆలోచన మొదలుపెట్టాలి, అక్కడే ఆపకూడదు. సినిమాలోని తండ్రి ఎంత గొప్పవాడైనా ఈ హద్దు ఆయనకూ వర్తిస్తుంది.

తెలుగు చిత్రాల్లో ఈ విషయానికి అన్నిటికంటే దగ్గరగా వచ్చేది 1957 నాటి ‘పాండురంగ మహాత్మ్యం’. కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో ఎన్.టి. రామారావు పుండరీకుడిగా నటించారు. తండ్రి పాత్ర చిత్తూరు వి. నాగయ్యది. అంతకు ముందే పోతన, త్యాగయ్య, వేమన పాత్రలతో తెలుగువాళ్ల మనసుల్లో భక్తుడిగా నిలిచిపోయిన నాగయ్య ఇక్కడ కొడుకు చేత ఇల్లు విడిచి పోవలసి వచ్చిన తండ్రి అవుతారు. ఆ ముఖంలో కోపం లేకపోవడమే ప్రేక్షకుణ్ణి ఎక్కువ బాధిస్తుంది. భోగలాలసలో కొట్టుకుపోయిన పుండరీకుడు చివరికి అన్నీ పోగొట్టుకుని, కాళ్లు కూడా లేని స్థితిలో తల్లిదండ్రులను తలచుకుని విలపిస్తాడు. ఘంటసాల గొంతులో ఆ విలాపం ఎన్ని తరాల కంట తడి పెట్టించిందో తెలుగు ఇళ్లలో అందరికీ తెలుసు. అమ్మానాన్నల పాదాలు తాకాకే అతడికి కాళ్లు తిరిగి వస్తాయి.

ఈ చిత్రాన్ని సాధారణంగా తల్లిదండ్రుల సేవ గురించిన నీతికథగా పిల్లలకు చూపిస్తారు. అది సరైనదే, కానీ సగమే. పండరీపుర కథకు పట్టుకొమ్మ ఆ తర్వాత ఉంది. పుండరీకుడు తల్లిదండ్రుల సేవలో ఉండగా కృష్ణుడు గుమ్మంలోకి వస్తాడు. సేవ మధ్యలో లేవలేక అతడు ఒక ఇటుక విసిరి, దాని మీద నిలబడి కాసేపు ఆగమంటాడు. దేవుడు ఆగుతాడు. పండరీపురంలో విఠలుడు నేటికీ నడుము మీద చేతులు పెట్టుకుని ఇటుక మీద నిలబడే ఉన్నాడు. ఆషాఢ ఏకాదశికి లక్షల మంది వార్కరీ భక్తులు నడిచి వెళ్లేది అలా ఆగిన ఆ దేవుణ్ణి చూడటానికే.

ఇక్కడ ఆలోచించవలసింది చాలా ఉంది. భక్తుడు దేవుడి కోసం తపస్సు చేయడం పురాణాల్లో మామూలే; ఇక్కడ ఎదురుచూసేవాడు దేవుడు. పైగా తనకు చేయవలసిన మర్యాద ఇంకొకరికి జరుగుతుంటే ఆయన చిన్నబుచ్చుకోడు. తన మీద ప్రేమ, ముసలి అమ్మానాన్నల మీద ప్రేమ ఆయన లెక్కలో ఒకదానికొకటి పోటీ కావు. తండ్రి కాళ్లు ఒత్తుతున్న చేతులను మధ్యలో ఆపించి తన పూజ చేయించుకునే దేవుడైతే, ఆయన ప్రేమలో స్వార్థం కొంత ఉన్నట్టే లెక్క. అంతకు ముందు అదే అమ్మానాన్నలను బయటికి గెంటిన కొడుకు గుమ్మంలోనే ఆయన నిలబడ్డాడన్నది ఇంకా పెద్ద మాట. సినిమా చూసిన పిల్లలతో కాళ్లు రావడం గురించి ఎంతసేపు మాట్లాడినా, ఇటుక గురించి మాట్లాడకపోతే కథలోని దేవుడు వాళ్లకు తెలిసినట్టు కాదు.

ప్రహ్లాదుడి కథ దీనికి పూర్తిగా ఎదురు దిక్కున ఉంది. అక్కడ తప్పిపోయినవాడు కొడుకు కాదు, తండ్రి. ఇంటి ప్రేమతో దైవప్రేమను పోల్చే ప్రతివాళ్లూ జవాబు చెప్పుకోవలసిన చిక్కు ఇదే. తండ్రి ప్రేమే దేవుడి ప్రేమకు నమూనా అయితే, తండ్రే బిడ్డను చంపబోయే ఇంట్లో ఆ నమూనా ఏమవుతుంది? 1967లో ఏవీఎం నిర్మించిన ‘భక్త ప్రహ్లాద’లో చిత్రపు నారాయణమూర్తి దర్శకత్వంలో ఎస్.వి. రంగారావు హిరణ్యకశిపుడిగా, అంజలీదేవి తల్లిగా, బాలనటి రోజారమణి ప్రహ్లాదుడిగా నటించారు. నారదుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. రంగారావు ఆ పాత్రను వట్టి రాక్షసుడిగా పోషించలేదు. కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకుని ఏం చదివావని మురిపెంగా అడిగే తండ్రి, ఆ జవాబు విన్న క్షణం నుంచి మారడం మొదలుపెడతాడు. బిడ్డ తన మాటనే తిరిగి పలకాలి, తన ఇష్టాన్నే ఇష్టపడాలి అనే ప్రేమ ఎక్కడికి దారి తీస్తుందో ఆ ముఖం చూపిస్తుంది. హిరణ్యకశిపుడు కొడుకును మొదట ప్రేమించలేదనడం పొరపాటు. ప్రేమించాడు, ఆ ప్రేమకు తనే హద్దు గీశాడు.

స్తంభం పగిలే ఘట్టం కోసం పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు. పెద్దలు చూడవలసింది భాగవతం సప్తమ స్కంధంలో ఆ తర్వాత వచ్చే భాగం. హిరణ్యకశిపుడు చనిపోయాక కూడా నరసింహుడి ఉగ్రం తగ్గదు. దేవతలు దగ్గరికి పోలేరు. లక్ష్మీదేవి కూడా వెనకాడుతుంది. బ్రహ్మ ప్రహ్లాదుణ్ణి పంపుతాడు. పిల్లవాడు వెళ్లి పాదాల దగ్గర పడితే స్వామి లేవనెత్తి తల మీద చెయ్యి పెడతాడు. వరం కోరుకోమంటే, ప్రతిఫలం ఆశించి కొలిచేవాడు భక్తుడు కాడని, వర్తకుడని ప్రహ్లాదుడు అంటాడు. చివరికి ఒక్కటి అడుగుతాడు: తన తండ్రి చేసిన పాపం పోవాలి. నీవంటి కొడుకు పుట్టాక మీ తండ్రి ఒక్కడే కాదు, 21 తరాలు పవిత్రమయ్యాయని స్వామి బదులిస్తాడు.

విషం పెట్టించిన, ఏనుగులతో తొక్కించబోయిన తండ్రి కోసం ఆ బిడ్డ అడిగిన వరం అది. ప్రహ్లాదుడు తండ్రిని చూసి దేవుడి ప్రేమ నేర్చుకోలేదు. దేవుడి దగ్గర నేర్చుకున్న ప్రేమతో తండ్రిని చూశాడు. పోలిక ఇక్కడ తలకిందులవుతుంది, ఆ తలకిందులవడంలోనే చిక్కుకు జవాబు కూడా ఉంది. ఇంట్లో ప్రేమ దొరకని బిడ్డకు దైవప్రేమ అర్థం కాదనే వాదనను ఈ కథ ఒప్పుకోదు.

దేవుడి ప్రస్తావనే లేని చిత్రాల్లో 2003లో పిక్సార్ సంస్థ నుంచి వచ్చిన ‘ఫైండింగ్ నీమో’ను ముందు చెప్పుకోవాలి. ఆండ్రూ స్టాంటన్ దర్శకత్వం వహించిన ఈ యానిమేషన్ చిత్రంలో మార్లిన్ అనే చిన్న చేప తన భార్యనూ, ఒక్కటి తప్ప గుడ్లన్నిటినీ మొదట్లోనే పోగొట్టుకుంటుంది. మిగిలిన ఆ ఒక్క బిడ్డ నీమో. ఒక రెక్క చిన్నది. భయం కొద్దీ తండ్రి అతణ్ణి కదలనివ్వడు. విసిగిన కొడుకు తండ్రి కళ్లముందే ధిక్కరించి పడవ దాకా ఈదుతాడు, ఒక గజ ఈతగాడు వలలో పట్టుకుపోతాడు. తర్వాత కథ అంతా వెతుకులాట. సొరచేపలు, జెల్లీ చేపల గుంపు, సముద్ర ప్రవాహం దాటి తండ్రి సిడ్నీ రేవు దాకా పోతాడు.

లూకా సువార్త 15వ అధ్యాయం చదివినవాళ్లకు ఈ వెతుకులాట వెంటనే గుర్తుకు వస్తుంది. 100 గొర్రెల్లో ఒకటి తప్పిపోతే 99ని విడిచి దాని కోసం వెళ్లే కాపరి, నాణెం కోసం ఇల్లంతా ఊడ్చే స్త్రీ, దూరదేశం పోయిన చిన్న కొడుకు ఇంకా దూరాన ఉండగానే చూసి పరుగెత్తే తండ్రి ఆ అధ్యాయంలోనే ఉన్నారు. మొదటి రెండు కథల్లో వెతకడం, మూడో దానిలో ఎదురుచూడటం. నీమో తప్పు చేసే దూరమయ్యాడు. తండ్రి ఆ తప్పును లెక్కకు తీసుకోకుండానే బయలుదేరాడు. అయితే ఈ చిత్రంలోని అసలు ముత్యం ఇంకొకటి. దంతవైద్యుడి గదిలో గాజుతొట్టెలో ఉన్న నీమోకు తండ్రి వస్తున్నాడని తెలియదు. తండ్రి పిరికివాడని అతడి నమ్మకం. మార్లిన్ కథ చేప నుంచి చేపకు, పక్షి నుంచి పక్షికి పాకి, చివరికి ఒక పెలికాన్ నోట ఆ తొట్టె దాకా చేరుతుంది. తన కోసం తండ్రి సముద్రం దాటుతున్నాడని విన్న క్షణంలో నీమో మారిపోతాడు. విడుదల ఇంకా జరగలేదు, తండ్రి ఇంకా రాలేదు. వార్త మాత్రమే వచ్చింది. క్రైస్తవులు సువార్త అనేది సరిగ్గా ఇలాంటి వార్తనే.

విడుదలకు ఎవరి ప్రయత్నం కావాలన్న విషయం మీద శ్రీవైష్ణవంలో ఒక పాత చర్చ ఉంది. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకుంటుంది. పిల్లికూన ఊరికే ఉంటే తల్లే నోట కరచుకుని తీసుకుపోతుంది. జీవుడి ప్రయత్నం కొంతైనా కావాలని మర్కట న్యాయం చెప్పే వడగలై వారు, దేవుడి దయే అంతా చేస్తుందని మార్జాల న్యాయం చెప్పే తెంగలై వారు శతాబ్దాలుగా వాదించుకున్నారు. నీమో కథ చాలాదూరం పిల్లి వైపే నడిచి, చివర్లో మలుపు తిరుగుతుంది. పెద్ద వలలో చేపలన్నీ చిక్కుకున్నప్పుడు వాటిని కాపాడటానికి నీమో తానే వలలోకి వెళ్తానంటాడు. ఇంత దూరం వెతికి దక్కించుకున్న బిడ్డను తండ్రి మళ్లీ వదలాలి. వదులుతాడు. మార్లిన్ నిజంగా తండ్రి అయ్యింది అక్కడేనని చెప్పాలి. అన్నీ చేయగల దేవుడు మనిషికి తప్పిపోయే స్వేచ్ఛ ఎందుకు ఇచ్చాడనే ప్రశ్నకు తత్వశాస్త్రంలో ఉన్న ప్రధానమైన జవాబు, ప్రేమ బలవంతం చేయదన్నది, పిల్లలకు అర్థమయ్యే రూపంలో ఇంతకంటే తేటగా దొరకడం కష్టం. పోలిక తెగిపోయే చోటు కూడా గుర్తించాలి. మార్లిన్ భయపడి నేర్చుకున్నాడు. దేవుడికి భయమూ లేదు, నేర్చుకోవలసిందీ లేదు.

కావాలనే దైవప్రేమ గురించి చెప్పిన చిత్రాల సంగతి వేరు. తెలుగులో విజయచందర్ యేసుగా నటించిన 1978 నాటి ‘కరుణామయుడు’ను మతభేదం లేకుండా జనం చూశారు, ఊళ్లలో తెర కట్టి మరీ చూపించారు. సిలువ మోసే ఘట్టాల బలం అటువంటిది. సి.ఎస్. లూయిస్ 1950లో ప్రచురించిన పిల్లల నవల ఆధారంగా 2005లో వచ్చిన మొదటి ‘నార్నియా’ చిత్రంలో, మిఠాయి ఆశకు తోబుట్టువులను మంత్రగత్తెకు పట్టించబోయిన ఎడ్మండ్ బదులు ఆస్లాన్ అనే సింహం ప్రాణమిచ్చి తిరిగి లేస్తుంది. ఇది వట్టి రూపకం కాదని, ఇలాంటి లోకం ఒకటి ఉంటే దేవుడి కుమారుడు అక్కడ ఎలా ఉండేవాడన్న ఊహ అని లూయిస్ వివరించాడు. బలి ఘట్టం అందరికీ గుర్తుంటుంది. దానికి ముందున్న చిన్న సన్నివేశాన్ని మాత్రం చాలామంది దాటిపోతారు. తిరిగివచ్చిన ఎడ్మండ్‌తో ఆస్లాన్ ఏకాంతంగా మాట్లాడి, తర్వాత తోబుట్టువులతో జరిగిపోయిన సంగతి ఇక ఎత్తవద్దంటాడు. క్షమించి కూడా పదిమందిలో గుర్తుచేసే పెద్దలున్న ఇళ్లలో ఈ సన్నివేశానికి బలి ఘట్టమంత విలువ ఉంది.

ఇరాన్ దర్శకుడు మజీద్ మజీదీ తీసిన రెండు చిత్రాలు ఈ విషయాన్ని మరింత లోతుకు తీసుకుపోతాయి. ఆయన తెర మీద దేవుడు కనిపించడు, మహిమ జరగదు. 1997 నాటి ‘చిల్డ్రన్ ఆఫ్ హెవెన్’లో అలీ చెల్లెలి బూట్లు పోగొడతాడు. ఇంట్లో కొనే స్తోమత లేదు. అమ్మానాన్నలకు చెప్పకుండా అన్నాచెల్లెళ్లు ఒకే జతను పంచుకుని బడికి పరుగెత్తుతారు. పరుగుపందెంలో మూడో బహుమతి బూట్లు. మూడో స్థానం కోసం పరుగెత్తిన అలీ మొదటివాడిగా వచ్చేస్తాడు, గెలిచి ఏడుస్తాడు. అదే సమయానికి తండ్రి సైకిల్ మీద ఇద్దరికీ కొత్త బూట్లు పెట్టుకుని వస్తుండటం మనకు కనిపిస్తుంది. బొబ్బలెక్కిన కాళ్లతో ఇంటికి చేరిన పిల్లవాడికి ఆ సంగతి తెలియదు. చిత్రం అతడికి చెప్పకుండానే ముగుస్తుంది. అడిగింది దొరకలేదు గనుక దేవుడు వినలేదనుకునే మనసుకు ఏ ఉపన్యాసమూ ఇంత చక్కగా జవాబు చెప్పలేదు. ఆ తండ్రి సామాన్యుడు కాడు. మసీదు కోసం చక్కెర గడ్డలు పగలగొడుతూ, తన టీలోకి అందులోంచి ఒక్క ముక్క తీసుకోని మనిషి. ఆ ఇంట్లో దైవభక్తి ఒక్క ఉపదేశం లేకుండా ఆ చక్కెర ముక్కలోనే తెలిసిపోతుంది.

రెండు సంవత్సరాల తర్వాత వచ్చిన ‘ది కలర్ ఆఫ్ ప్యారడైజ్’ కఠినమైన చిత్రం. చూపు లేని బాలుడు మొహమ్మద్‌ను వదిలించుకోవాలని తండ్రి చూస్తాడు. ప్రాణంగా చూసుకునేది నాయనమ్మ. అతణ్ణి ఒక అంధ వడ్రంగి దగ్గర వదిలి తండ్రి వెళ్లిపోయాక, మొహమ్మద్ ఏడుస్తూ తన బాధ చెప్పుకుంటాడు. చూపు లేనివాళ్లంటే దేవుడికి ఎక్కువ ఇష్టమని తన ఉపాధ్యాయుడు చెప్పాడని, అదే నిజమైతే దేవుణ్ణి చూడలేకుండా తనను ఎందుకు చేశాడని ఆయన్ను అడిగానని అంటాడు. దేవుడు కంటికి కనబడడని, అంతటా ఉన్నాడని, వేళ్లతో తాకి తెలుసుకోవచ్చని ఉపాధ్యాయుడు బదులు చెప్పాడట. అందుకే ఆయన చేతికి తగిలే రోజు దాకా అన్నిటినీ తడుముతూ ఉంటానంటాడు. బైబిల్లో యోబు అడిగిన ప్రశ్ననే ఒక చిన్న పిల్లవాడు అడుగుతున్నాడు. చిత్రం ఆ ప్రశ్నను తప్పుపట్టదు, తేలికైన సమాధానంతో నోరు మూయించదు. బిడ్డ ఏటి వరదలో కొట్టుకుపోయినప్పుడు తండ్రి ఒక క్షణం కదలకుండా నిలబడి, ఆ తర్వాతే దూకుతాడు. ఆ క్షణమే అతడి జీవితమంతా. ముగింపులో కదిలే వేళ్లను బతుకుగా తీసుకోవాలా, దేవుడి స్పర్శగా తీసుకోవాలా అన్నది చూసేవాళ్లకే వదిలేశాడు దర్శకుడు.

సినిమాల్లో దైవప్రేమను చదివే అలవాటులో రెండు పొరపాట్లు తరచుగా జరుగుతాయి. ఒకటి, ప్రతి పాత్రకూ ఒక గుర్తు అంటించడం. మార్లిన్ దేవుడు, నీమో పాపి, వల నరకం అంటూ పోతే సినిమా చచ్చిపోతుంది, పిల్లలకు విసుగు పుడుతుంది. ఒక్క సన్నివేశం, ఒక్క ప్రశ్న చాలు. ఇటుక మీద నిలబడ్డ దేవుడికి కోపం ఎందుకు రాలేదు? నీమోను తండ్రి మళ్లీ ఎందుకు వదిలాడు? పిల్లలు చెప్పే జవాబులు పెద్దల వ్యాఖ్యానం కంటే తరచుగా సూటిగా ఉంటాయి. వాటిని సరిదిద్దే తొందర పడకూడదు.

రెండోది ఇంకా పెద్దది. మొక్కితే చాలు అన్నీ దొరుకుతాయనే లెక్కను భక్తి చిత్రాల నుంచి నేర్చుకోవడం. పతాక సన్నివేశంలో మహిమ రావడం సినిమా పద్ధతి. రెండున్నర గంటల్లో కథ ముగియాలి. జ్వరంతో ఉన్న తమ్ముడి కోసం మొక్కి, అతడు కోలుకోని ఇంట్లో ఆ లెక్క బిడ్డ మనసును విరిచేస్తుంది. అటువంటి బిడ్డకు ప్రహ్లాదుడు వర్తకమని తోసిపుచ్చిన మాటా, అలీకి తెలియని సైకిలూ ఎక్కువ తోడవుతాయి. మొహమ్మద్ కథ మాత్రం పసివాళ్లకు కాదు. పన్నెండు పదమూడేళ్లు నిండాక, పెద్దలు పక్కన ఉండగా చూడవలసింది.

తండ్రి కొట్టే ఇంటి నుంచి, తల్లి లేని ఇంటి నుంచి వచ్చిన పిల్లలు కూడా ఈ సినిమాలు చూస్తారు. దేవుడు మీ నాన్నలాంటివాడు అని వాళ్లతో అనడం క్రూరత్వం. వాళ్లకు చూపించవలసిన మనుషులు ఈ కథల్లోనే ఉన్నారు: మొహమ్మద్ నాయనమ్మ, నీమోకు వార్త మోసుకొచ్చిన పెలికాన్, ప్రహ్లాదుడికి నారదుడు. ఇంద్రుడు చెరపట్టి తీసుకుపోతున్న, గర్భవతి అయిన ప్రహ్లాదుడి తల్లిని విడిపించి, నారదుడు తన ఆశ్రమంలో కూతురిలా చూసుకున్నాడని భాగవతం చెబుతుంది. ప్రహ్లాదుడు నారాయణుడి గురించి మొదట విన్నది ఆ ఆశ్రమంలో, తల్లి కడుపులో ఉండగా, తనకు ఏ రక్తసంబంధమూ లేని ఆ మనిషి నోట.